పట్టుబాటలో మిగిలిన మూట

ఎడారి నడుమ ఒక పట్టణము వెలయవలెనన్న రెండు కావలెను: ఒకటి నీరు, రెండవది బాట. నీరు మనుష్యుని నిలుపును. బాట వానిని సంపన్నుని చేయును. మధ్య ఆసియాలోని ప్రాచీన నగరములన్నియు ఈ రెండింటి సంతానమే. మంచుకొండలనుండి కరగి దిగివచ్చిన యేటి చెంత పది యిండ్లు వెలసినవి. ఆ యిండ్ల ముందుగా ఒంటెల బిడారు సాగినది. బిడారు విడిసిన చోట సరాయి లేచినది. సరాయి చెంత బజారు, బజారు చుట్టును ప్రాకారము, ప్రాకారము నడుమ రాజు వచ్చి చేరిరి.

ఈ నగరములను కలుపు మార్గమును నేడు లోకము పట్టుబాట అని పిలుచుచున్నది. పేరు ప్రాచీనమైనది కాదు. 1877లో ఫెర్డినాండ్ ఫాన్ రిచ్‌థోఫెన్ అను జర్మను భూగోళ శాస్త్రజ్ఞుడు వాడిన పిమ్మట అది వ్యాప్తిలోనికి వచ్చినది. నిజమునకు అది ఒకే బాటయు కాదు; చీనా దేశమునుండి మధ్యధరా సముద్రతీరము వరకు అల్లుకొనిపోయిన అనేక మార్గముల వల. అందు నడచిన సరకు పట్టొక్కటియే కాదు. చీనానుండి పట్టును కాగితమును, ఫర్గానానుండి గుర్రములును, భారతదేశమునుండి నూలుబట్టలును సుగంధద్రవ్యములును, పడమటి దేశములనుండి గాజుసామగ్రియు ఆ వలలో చేతులు మారుచు పోయినవి. ఆ చివరనుండి ఈ చివరవరకు నడచిన వర్తకుడు అరుదు. ఒకడు తెచ్చినది మరియొకడు కొని, మరియొక పట్టణమునకు చేర్చుచుండెను.

అంత సరకు నడచిన బాటలో నేడు మిగిలినదేమి? తూర్పునుండి పడమటికి ఆ నగరముల వెంట సాగిపోవు యాత్రికునికి అడుగడుగునను ఎదురగు ప్రశ్న యిదియే.

చాంగాన్ నగరము

యాత్ర నేటి శియాన్ నగరముతో మొదలగును. పూర్వము దీని పేరు చాంగాన్. క్రీ. పూ. 138లో హాన్ చక్రవర్తి వూతీ ఇచ్చటినుండి జాంగ్ చియన్ అను నధికారిని పడమటికి పంపెను. ఉత్తరమునుండి దండెత్తివచ్చు శ్యుంగ్ను జాతివారిపై పోరుటకు మిత్రులను సంపాదించుట ఆతని పని. అతడు త్రోవలోనే ఆ శత్రువులకు చిక్కి, పదియేండ్లు బందీగా నుండి, తప్పించుకొని పడమటి దేశములు చూచి, పండ్రెండేండ్లకు తిరిగివచ్చెను. నూరుమందికి పైగా బయలుదేరిన పరివారములో అతనితో మరలివచ్చినవాడు ఒక్కడే. పోయిన పని నెరవేరలేదు, మిత్రుడొక్కడును దొరకలేదు. కాని అతడు ఒక వార్త తెచ్చెను. కొండల కావలివైపున నగరములు కలవు, పంటలు కలవు, మేలుజాతి గుర్రములు కలవు, చీనా వస్తువులు కొనగోరువారు కలరు అని. పట్టుబాటలోనికి చాంగాన్ అడుగు పెట్టినది ఈ వార్త వెంబడినే.

శియాన్‌లో నేడు యాత్రికులను ఆకర్షించు కట్టడములలో ఒకటి పెద్ద అడవిబాతు గోపురము. 652లో దీనిని కట్టినది రాజుకొరకు కాదు, దేవతకొరకును కాదు, పుస్తకముల కొరకు. మన విద్యార్థులెల్లరు ఎరిగిన హ్యుయాన్‌త్సాంగ్ 629 ప్రాంతమున రాజాజ్ఞను మీరి, ఒంటరిగా పడమటి ద్వారము దాటి, భారతదేశము చేరి, 645లో 657 గ్రంథములతో తిరిగివచ్చెను. ఆ యాత్రలో అతడు తెలుగునేలపై ధాన్యకటకమున, అనగా నేటి అమరావతి ప్రాంతమున, కొంతకాలము నిలిచి భిక్షువులవద్ద శాస్త్రము చదివెను. తెచ్చిన గ్రంథములను భద్రపరచి అనువదించుటకు వెలసినదే ఆ గోపురము. సరకు దింపుకొను నగరములో పుస్తకముల మూటకును ఒక గోపురము దొరకినది.

చేరని ఉత్తరములు

చాంగాన్ విడిచి వాయవ్యముగా పోవు దారి ఎడారి అంచున దున్‌హువాంగ్ అను ఊరు చేరును. చీనా సామ్రాజ్యమునకు ఇది పడమటి గడప. ఇచ్చటికి పడమట ఒక కావలి బురుజు శిథిలములలో 1907లో ఆరెల్ స్టెయిన్ అను పరిశోధకునికి కొన్ని ఉత్తరములు దొరకినవి. అవి నాలుగవ శతాబ్ది ఆరంభమున కాగితముపై సోగ్ది భాషలో వ్రాసినవి. సోగ్దులనగా సమర్కందు ప్రాంతపు వర్తకజాతి. ఆ కాలమున ఈ బాటపై వ్యాపారములో అధికభాగము వారి చేతిలోనే యుండెను.

అందొక ఉత్తరము సమర్కందులోని యజమానికి వ్రాసినది. చీనా రాజధాని లోయాంగ్ తగులబడినదనియు, చక్రవర్తి పారిపోయెననియు, తమవారు ఆకలితో మరణించిరనియు అందొక వర్తకుడు తెలిపెను. మరి రెండు ఉత్తరములు మివ్‌నాయ్ అను స్త్రీ వ్రాయించినవి. భర్త ఆమెను కుమార్తెతోకూడ దున్‌హువాంగ్‌లో విడిచి పోయెను. చేతిలో ధనము లేదు. తల్లికడకు చేర్చుడని ఊరిలోని తమవారిని ఒక్కొక్కరిని అడిగెను, ఎవ్వరును పూనుకొనలేదు. తల్లికి వ్రాసిన ఉత్తరములో దుఃఖము, భర్తకు వ్రాసిన ఉత్తరములో కోపము నేటికిని చల్లారక యున్నవి. ఆ ఉత్తరములు చేరవలసిన చోటికి చేరలేదు. ఆమె పిదప ఏమయ్యెనో చెప్పు సాధనమును లేదు. ఆ సంవత్సరము ఆ దారిని పోయిన పట్టంతయు చిరిగి మన్నైనది. దిక్కులేని యొక ఇల్లాలి మాట మాత్రము పదహారువందల యేండ్లు ఇసుకలో ఆగి, చదువువారికి చేరినది.

దున్‌హువాంగ్ చెంతనే మొగావో గుహలు కలవు. 366లో ఒక భిక్షువు మొదటి గుహను తొలిపించెనని చెప్పుదురు. పిమ్మట వేయి సంవత్సరములు వర్తకులు, అధికారులు, భిక్షువులు అచ్చట గుహలు తొలిపించుచునే యుండిరి. చిత్రములతో నిండిన గుహలు నేడు 492 నిలిచియున్నవి. ఎడారిలోనికి అడుగిడు వర్తకుడు క్షేమము కోరి మ్రొక్కుకొనుటయు, తిరిగివచ్చినవాడు మ్రొక్కు చెల్లించుటయు ఈ చిత్రములకు మూలధనము. 1900లో అచ్చట కాపురమున్న వాంగ్ యువాన్‌లు అను సన్యాసికి ఒక గుహలో మూసిన గది కనబడెను. పదకొండవ శతాబ్ది ఆరంభమున మూసిన ఆ గదిలో వేలకొలది వ్రాతచుట్టలు నింపియుండెను.

వానిలో 868లో అచ్చువేసిన వజ్రచ్ఛేదిక సూత్రము ఒకటి. తేదీ కలిగిన అచ్చు పుస్తకములలో నేడు లభించుచున్న వానిలోనెల్ల ఇదియే ప్రాచీనము. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో కలదు. దాని చివర వాంగ్ జీ అనునాతడు తన తల్లిదండ్రుల పేర దీనిని అచ్చువేయించెననియు, ఇది ఎల్లరకును ఉచితముగా పంచుటకనియు కలదు. అనగా మిగిలిన పుస్తకము అమ్మకపు సరకు కాదు, పంచిపెట్టిన సరకు. దీనిని చీనా భాషలోనికి తెచ్చినవాడు ఈ బాటలోనే మరికొంత దూరమున నున్న కూచా నగరవాసి.

కూచా పండితుడు

దున్‌హువాంగ్ దాటగనే బాట రెండుగా చీలును. నడుమ తక్లమకాన్ ఎడారి. దానికి ఉత్తరపు టంచున ఒక దారి, దక్షిణపు టంచున ఒక దారి. రెండును పడమట కాష్గర్ నగరమున మరల కలియును. ఉత్తరపు దారిలోనిది కూచా. నాలుగవ శతాబ్దిలో ఇచ్చట కుమారజీవుడు జన్మించెను. తండ్రి భారతదేశమునుండి వచ్చినవాడు. తల్లి కూచా రాజవంశపు కన్య. ఇతడు బాల్యముననే తల్లితో కాశ్మీరమేగి శాస్త్రములు చదివి, మరలివచ్చి మహాపండితుడని కీర్తి నొందెను. ఆ కీర్తియే ఆతనికి సంకెల యైనది. 384లో చీనా సేనాని యొకడు కూచాను జయించి, కొల్లసొమ్ముతోపాటు ఈ పండితునిగూడ కొనిపోయెను. సుమారు పదిహేడేండ్లు కుమారజీవుడు లియాంగ్‌జౌలో నిర్బంధమున నుండెను. ఆ నిర్బంధములోనే ఆతడు చీనా భాషను వశపరచుకొనెను. 401లో చాంగాన్ చేరిన పిదప ఆ భాషలోనికి అనువదించిన గ్రంథములను చీనా దేశము నేటికిని పారాయణము చేయుచున్నది.

వానిలో ఆచార్య నాగార్జునుని మాధ్యమిక శాస్త్రము ముఖ్యమైనది. నాగార్జునుని పేరు కృష్ణాతీరమున నాగార్జునకొండతో ముడివడియున్నది. సాతవాహనరాజు ఆతని మిత్రుడని సంప్రదాయము. కొల్లగొట్టిన సేనాని తెచ్చిన ధనరాశి ఎందు కలసినదో ఎవరికిని పట్టదు. కొల్లసొమ్ములో ఒకడుగా వచ్చిన బందీ ఇచ్చిన విద్య మాత్రము చెక్కుచెదరలేదు.

దక్షిణపు దారిలోని ఖోటాను నగరమున మరియొక కథ కలదు. పట్టుపురుగుల పెంపకమును చీనావారు తమ రహస్యముగా దాచుకొనిరి. ఖోటాను రాజునకు పెండ్లియైన యొక రాకుమారి, పుట్టింటినుండి వచ్చునపుడు పట్టుపురుగుల గ్రుడ్లను తలపాగలో దాచి సరిహద్దు దాటించెనని హ్యుయాన్‌త్సాంగ్ వ్రాసెను. కావలివారు ఎల్లరను సోదాచేసిరిగాని, రాకుమారి తలపై చేయివేయ సాహసింపలేదట. ఆరవ శతాబ్ది నడుమ ఆ రహస్యము బైజాంటియము చేరినది. దాచిన విద్య ఏదో ఒక తలపాగలో దాటిపోక మానదని ఈ కథ చెప్పుచున్నది.

సమర్కందు: కత్తియు, పట్టికయు

కాష్గర్ దాటి, పామీరు పర్వతములను అధిగమించి, పడమటికి దిగిన బాట సమర్కందు చేరును. నేటి నగరమునకు ఈశాన్యమున అఫ్రాసియాబ్ అను మట్టిదిబ్బ కలదు. సోగ్దుల రాజధాని అదియే. 1965లో అచ్చట బయల్పడిన ఏడవ శతాబ్దపు గోడచిత్రములలో పట్టు మోసికొనివచ్చిన చీనా రాయబారులు నేటికిని వరుసగా నిలిచియున్నారు. పట్టు లేదు, పట్టు బొమ్మ కలదు.

751లో తలాస్ నదీతీరమున అరబ్బులకును చీనావారికిని యుద్ధము జరిగినది. అందు చిక్కిన చీనా బందీలు సమర్కందులో కాగితపు పని నేర్పిరని అరబ్బు రచయితలు చెప్పిరి. సోగ్దులు అంతకు నాలుగు శతాబ్దములకు పూర్వమే కాగితము వాడిరని దున్‌హువాంగ్ ఉత్తరములు సాక్ష్యమిచ్చుచున్నవి గావున, ఆ కథను ఉన్నదున్నట్లు నమ్మనక్కరలేదు. కాని సమర్కందు కాగితము ఇస్లాము లోకమున ప్రసిద్ధి చెందెననుట నిజము. ఎనిమిదవ శతాబ్ది ముగియకమున్నే బాగ్దాదులో కాగితపు శాలలు వెలసినవి. తాటాకుపై గంటముతో వ్రాసిన తెలుగువాడు పారసీకమునుండి 'కాగజు' మాటను గైకొని 'కాగితము' చేసికొనెను. పాఠశాలలో దినమునకు పదిమార్లు పలుకు ఈ మాట పట్టుబాట దుమ్మును అంటుకొని వచ్చినదే.

1220లో చెంగీజ్‌ఖాన్ సమర్కందును నేలమట్టము చేసెను. 1370లో తైమూరు దానిని రాజధానిగా గైకొని, జయించిన దేశములనుండి శిల్పులను పట్టితెచ్చి మరల కట్టించెను. నేడు యాత్రికుడు నోరు తెరచి చూచు రెగిస్తాన్ ప్రాంగణమున మూడు మదరసాలు నీలి పింగాణి పలకలతో మెరయుచున్నవి. నగరము నడిబొడ్డున, బజారు చెంత, వెలసిన ఆ మూడు కట్టడములును పాఠశాలలేయని ఉపాధ్యాయులు గమనింపదగును. వానిలో మొదటిది 1420లో ముగిసినది. కట్టించినవాడు తైమూరు మనుమడు ఉలుగ్ బేగ్.

ఉలుగ్ బేగ్ తాతవలె దేశములను గాక ఆకాశమును కొలచెను. నగరము వెలుపలి గుట్టపై వేధశాల కట్టించి, నలుబది మీటర్ల వ్యాసార్ధము గల కొలత చాపమును నెలకొల్పి, 1018 నక్షత్రముల స్థానములను నిర్ణయించెను. సంవత్సర ప్రమాణము 365 దినముల 6 గంటల 10 నిమిషముల 8 సెకండ్లని గణించెను. నేటి గణనకును దానికిని భేదము ఒక్క నిమిషమునకు లోపే. 1449లో కన్నకొడుకే ఆతని శిరస్సు ఖండింపించెను. వేధశాల కూలినది, దాని చోటు సైతము మరుపున పడినది. 1908లో త్రవ్వగా భూమిలో దిగిన చాపభాగము మాత్రము దొరకినది.

అయినను నక్షత్ర పట్టికలు నశింపలేదు. ఆతని శిష్యుడు అలీ కుష్జీ సమర్కందు విడిచి, ఊరూరు తిరిగి, తుదకు ఇస్తాంబుల్ చేరి ఆ విద్యను అచ్చట బోధించెను. పట్టికల ప్రతులు దేశదేశములకు ప్రాకినవి. 1665లో నక్షత్రముల పట్టిక ఆక్స్‌ఫర్డులో అచ్చుపడినది. పదునెనిమిదవ శతాబ్దిలో ఢిల్లీ, జయపురములలో జంతర్ మంతర్‌లు కట్టించిన సవాయి జయసింహుడు తన పట్టికలకు ఉలుగ్ బేగ్ పట్టికలనే ఆధారము చేసికొనెను.

సమర్కందునుండి మన నేలకు కత్తియు వచ్చినది. ఆ నగర సమీపమున జన్మించి ఔరంగజేబు కొలువులో చేరిన ఖ్వాజా ఆబిద్ అను సేనాని 1687 గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి మరణించెను. ఆతని మనుమడే హైదరాబాదు నిజాముల వంశమునకు మూలపురుషుడు. ఆ రాజ్యము 1948లో ముగిసినది. ఉలుగ్ బేగ్ లెక్కించిన నక్షత్రములను మాత్రము ఖగోళ శాస్త్ర చరిత్ర నేటికిని పేర్కొనుచున్నది.

బుఖారా బజారులు

సమర్కందుకు పడమట సుమారు 270 కిలోమీటర్ల దూరమున బుఖారా కలదు. దినమునకు ముప్పది కిలోమీటర్ల లెక్కన నడచు బిడారునకు తొమ్మిది దినముల పయనమది. నేటి వేగరైలుకు ఒక పూట పని కాదు. 1127లో కట్టిన కలాన్ మీనారు సుమారు 46 మీటర్ల యెత్తున నిలిచి దూరమునుండియే నగరమును చూపును. 1220లో నగరమును తగులబెట్టిన చెంగీజ్‌ఖాన్ సైతము దీనిని విడిచిపెట్టెను.

పదునారవ శతాబ్దపు కప్పు బజారులు నేటికిని అచ్చట కలవు. నాలుగు వీధులు కలియుచోట పెద్ద గుమ్మటము. దాని నీడలో అంగళ్లు. ఒకటి నగల వర్తకులది, ఒకటి టోపీలవారిది, ఒకటి సరాఫులది. బజారు, సరాఫు అను మాటలు తెలుగువానికి అర్థము చెప్పనక్కరలేదు. ఆ గుమ్మటముల చెంతనే ఉలుగ్ బేగ్ 1417లో కట్టించిన మరియొక మదరసా కలదు. విద్య నార్జించుట పురుషునికిని స్త్రీకిని సమానముగా విధియను భావముగల ప్రవక్త వాక్యము దాని ద్వారమున చెక్కబడినది. మివ్‌నాయ్ వంటి స్త్రీ తన గోడు వెళ్లబోసికొనుటకైనను అక్షరము కావలెను గదా యని అచ్చట నిలిచిన యాత్రికునికి తోచును.

మెర్వు: కుదువ లేని అప్పు

బుఖారానుండి అముదర్యా నది దాటి, కారకుమ్ ఎడారిలో నైరుతిగా పోవు బాట తుర్క్‌మెనిస్తాన్‌లోని మెర్వు చేరును. ఇచ్చట నగరము లేదు. మైళ్లకొలది మట్టిగోడలు, దిబ్బలు, వాని నడుమ పండ్రెండవ శతాబ్దపు సుల్తాను సంజర్ సమాధి మందిరము, అంతే. ఒకప్పుడు లోకములోని మహానగరములలో ఒకటియైన చోటు ఇదియని చెప్పిన నమ్మశక్యము కాదు.

పదమూడవ శతాబ్ది ఆరంభమున యాకూత్ అను పండితుడు ఇచ్చటికి వచ్చెను. అతడు గ్రీకు సంతతివాడు. బాల్యముననే బానిసగా అమ్ముడుపోయినవాడు. కొన్న బాగ్దాదు వర్తకుడు చదువు చెప్పించి, సరకుతో దేశములు తిప్పి, తుదకు విడుదల చేసెను. పిమ్మట పుస్తకములకు ప్రతులు వ్రాసి అమ్ముకొనుచు యాకూత్ జీవించెను. మెర్వులో పది గ్రంథాలయములు కలవనియు, వానిలో నొక దానియందే పండ్రెండువేల సంపుటములు కలవనియు అతడు వ్రాసెను. ఆ గ్రంథాలయములవారు అడిగినన్ని పుస్తకములు ఇచ్చుచుండిరి. ఆతని గదిలో ఎల్లప్పుడు రెండువందలకు పైగా సంపుటము లుండెడివి; వానిలో అధికభాగమునకు కుదువయు అడుగలేదట. ఊరిని బంధువులను మరపించిన పుస్తకములవి యని అతడు కృతజ్ఞతతో స్మరించెను. వానిని చదివి, దేశములయు ఊళ్లయు వృత్తాంతములతో ఒక మహానిఘంటువు కొరకు అతడు పుటలకొలది వ్రాసికొనెను.

మంగోలుల దండయాత్ర వార్త విని, కట్టుబట్టలతో పడమటికి పారిపోయెను. 1221లో చెంగీజ్‌ఖాన్ కుమారుడు తోలూయ్ మెర్వును ముట్టడించి, లొంగిన పిదపకూడ జనులను ఊచకోత కోయించెను. గ్రంథాలయములు పది నశించినవి. యాకూత్ నిఘంటువు మిగిలినది. ఆ పుస్తకములలోని విషయమున నేడు లోకమునకు తెలియునది కొంత ఆ నిఘంటువు చలువయే.

మెర్వు దిబ్బలపై నేడు గొఱ్ఱెలు మేయుచున్నవి. ఆ నగరము కట్టుదిట్టముగా దాచుకొన్నదంతయు, కోశములోని బంగారము, గిడ్డంగిలోని పట్టు, బీరువాలోని పుస్తకము, ఒక్క వారములో బూడిద యైనవి. పేరు తెలియని యొక గ్రంథపాలకుడు పరదేశి చేతికిచ్చిన పుస్తకములు మాత్రము ఆతని వ్రాతలో దక్కినవి. ఆనాడు ఆ గ్రంథపాలకుడు, కుదువ పెట్టనివానికి పుస్తకమీయరాదని తలుపు మూసికొనియున్నచో, మెర్వును గూర్చి యింతమాత్రము చెప్పుకొనుటకైనను లేకుండెడిది.